ఇంట్లో చేపల తొట్టి: ముందు నీళ్ళ సంగతి చూడండి

సంఘం కార్యదర్శిగా నేను ఇక్కడ మామూలుగా రాసేవి ఉగాది వేడుకల వివరాలు, బడుల్లో తెలుగు చదువు గురించిన వినతిపత్రాలు, చందాల లెక్కలు. ఈసారి చేపల తొట్టి గురించి రాస్తున్నాను. గత నెల కార్యవర్గ సమావేశం ముగిశాక కాఫీ తాగుతూ మాట్లాడుకుంటే, సగంమంది ఇళ్ళలో ఒకప్పుడు చేపల తొట్టి ఉండేదనీ, ఇప్పుడు అది ఖాళీగా అటక మీద పడి ఉందనీ తేలింది. "చేపలు మన చేతికి అచ్చిరావండీ" అన్నారు ఒక పెద్దావిడ. కొన్నేళ్ళ కిందట నేనూ అదే మాట అన్నవాణ్ణి. చేయి అచ్చిరాకపోవడం కాదు, నీళ్ళ సంగతి తెలియకపోవడమే కారణమని ఆలస్యంగా తెలుసుకున్నాను. తెలిసింది నలుగురికీ చెబుదామని ఈ వ్యాసం.

మా ఇంట్లో జరిగింది

మాది చెన్నై పెరంబూరు. 2023 జూన్‌లో మా అమ్మాయి కొడుక్కి ఏడో పుట్టినరోజు వచ్చింది. ఆ రోజు రెండడుగుల గాజు తొట్టి, అందులోకి ఆరు గోల్డ్‌ఫిష్‌లు ఒకేసారి కొన్నాను. దుకాణం వాళ్ళు ఏమీ అడగలేదు, నేనూ ఏమీ అడగలేదు. సాయంత్రానికి తొట్టి హాల్లో వెలిగిపోయింది. నాలుగో రోజుకు నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. మురికి అనుకుని నీళ్ళన్నీ పారబోశాను. గులకరాళ్ళు, ఫిల్టరు స్పాంజి కుళాయి కింద పెట్టి గచ్చు కడిగినట్టు రుద్ది కడిగాను. కొత్త నీళ్ళు నింపి, చేపల్ని మళ్ళీ వేశాను. మర్నాటి పొద్దునకు మూడు పోయాయి. పదో రోజుకు ఒక్కటీ మిగల్లేదు.

మా ఆవిడ పిల్లవాణ్ణి దగ్గరకు తీసుకుని, "ఏడవకు నాన్నా, ఇంటికి రావాల్సిన కీడు ఆ మూగజీవాలు తీసుకుపోయాయి" అంది. మన ఇళ్ళలో ఈ మాట అందరూ విన్నదే. సరేనని మరో ఆరు చేపలు తెచ్చాను. అవి రెండు వారాలు ఉన్నాయి. ఆఖరిది పోయిన రోజున పిల్లవాడు ఏడవలేదు. "తాతయ్యా, మనింటికి ఇంత కీడు ఎక్కడినుంచి వస్తోంది?" అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆ మాట మా తప్పును కప్పిపెట్టడానికే పనికొచ్చిందని అప్పుడు తెలిసింది. కీడు పోయిందనుకుంటే, ఎందుకు పోయాయని ఎవరూ అడగరు.

తర్వాతి ఆదివారం కొళత్తూరు వెళ్ళాను. చెన్నైలో రంగు చేపల వ్యాపారానికి ఆ పేట పేరుపొందినది. ఇళ్ళ వెనక సిమెంటు తొట్లలో చేపలు పెంచే కుటుంబాలు అక్కడ ఎన్నో. ఒక పెద్దాయన దగ్గర నిలబడి మా గోడు చెప్పుకున్నాను. ఆయన చేపల గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. "నీళ్ళు ఎన్ని రోజులవి సార్?" అని తమిళంలో అడిగారు. ఆ రోజువే అన్నాను. "మరి చేపలు ఎలా బతుకుతాయి?" అన్నారు. అక్కడే అరగంట నిలబెట్టి ఆయన చెప్పినదీ, తర్వాత నేను చదివి, చేసి చూసి సరిచూసుకున్నదీ కింద రాస్తున్నాను.

తొట్టిలో జరిగేది ఏమిటి?

చేప తిన్న మేత అరిగాక దాని ఒంట్లోంచి అమ్మోనియా బయటికి వస్తుంది. ఎక్కువ భాగం మొప్పల ద్వారానే వస్తుంది. మిగిలిపోయిన మేత, చేప విసర్జన, చనిపోయిన ఆకులు కుళ్ళినా అదే అమ్మోనియా పుడుతుంది. ఏటిలోనైతే అది కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? అక్కడే పేరుకుంటుంది. కంటికి కనబడదు, కొద్ది మోతాదులో వాసనా రాదు. కాని చేపల మొప్పలు కాలిపోతాయి. నీళ్ళు అద్దంలా మెరుస్తున్నా చేపలు చనిపోవడానికి తరచూ ఇదే కారణం.

దీనికి విరుగుడు ప్రకృతిలోనే ఉంది. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా చేపలకు విషమే. ఇంకో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ చాలా తక్కువ హాని చేస్తుంది. దాన్ని వారానికోసారి కొంత నీరు మార్చి తీసేయవచ్చు. మన వంటింట్లో తోడు వేస్తే పాలు పెరుగవుతాయి కదా, ఇదీ అలాంటి పనే. తోడు లేని పాలు విరిగిపోతాయి. ఈ జీవులు లేని తొట్టిలో చేపలు పోతాయి.

ఈ మేలు చేసే జీవులు నీళ్ళలో తేలుతూ ఉండవు. ఎక్కువగా ఫిల్టరు స్పాంజికి, గులకరాళ్ళకి, గాజుకి అంటుకుని ఉంటాయి. కొత్త తొట్టిలో ఇవి చాలినన్ని పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను మొదటి రోజే ఆరు చేపలు వేశాను. నాలుగో రోజు, అప్పుడప్పుడే పుడుతున్న ఆ కాసిన్ని జీవుల్నీ కుళాయి కింద కడిగేశాను. నీళ్ళు తెల్లబడడం కూడా కొత్త తొట్టిలో మామూలే. అది కొత్త నీళ్ళలో ఒక్కసారిగా పెరిగిన వేరే సూక్ష్మజీవుల గుంపు. మేత తగ్గించి ఊరుకుంటే కొన్ని రోజుల్లో దానంతట అదే తేటపడుతుంది.

మొదటి నెల చేపలు లేకుండా

కొళత్తూరు పెద్దాయన చెప్పిన పద్ధతి ఇది. తొట్టి నింపండి. ఫిల్టరు, గాలి పంపు వేసి రాత్రింబగళ్ళు నడవనివ్వండి. చేపలు వేయకుండా, చేపలున్నట్టే రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది, దాన్ని తిని మంచి జీవులు పెరుగుతాయి. ఏడాదిగా బాగా నడుస్తున్న తొట్టి ఎవరింట్లోనైనా ఉంటే వాళ్ళ ఫిల్టరు స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చుకుని మీ ఫిల్టరులో పెట్టండి. తోడు దొరికినట్టే, పని చాలా తొందరగా అవుతుంది. అయితే ఆ తొట్టిలో జబ్బేమీ లేదని ముందు కనుక్కోండి. ఆ ముక్క దారిలో ఎండిపోకుండా వాళ్ళ తొట్టి నీళ్ళలోనే ముంచి తీసుకురండి.

తొట్టి సిద్ధమైందో లేదో కళ్ళతో చూసి చెప్పలేం. అమ్మోనియా, నైట్రైట్ చూసే పరీక్ష కిట్లు చేపల దుకాణాల్లో దొరుకుతాయి. సీసాలో నీళ్ళు పోసి చుక్కలు వేస్తే రంగు మారుతుంది, పట్టికతో పోల్చి చూడాలి. మేత వేస్తున్నా అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా వస్తూ, నైట్రేట్ కనబడితే తొట్టి సిద్ధం. అప్పుడు కూడా చేపలన్నీ ఒకేసారి వేయకండి. ముందు మూడు, రెండు వారాలాగి మరో మూడు. జీవులు కూడా చేపల సంఖ్యకు తగ్గట్టు పెరగాలి కదా.

పిల్లలు ఉన్న ఇంట్లో ఖాళీ తొట్టి నెల రోజులు చూడడం కష్టమే. మా వాడు రోజూ "ఇంకా ఎన్ని రోజులు?" అనేవాడు. నలభై ఏళ్ళు లెడ్జర్లు రాసిన గుమాస్తాను కనక నాకు తోచిన ఉపాయం ఒకటే. ఒక రూళ్ళ పుస్తకం తీసి గీతలు గీసి ఇచ్చాను. తేదీ, వేసిన మేత, అమ్మోనియా, నైట్రైట్, మార్చిన నీళ్ళు, విశేషాలు. ఆ పుస్తకం గురించి చివర్లో చెబుతాను.

కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు

మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ కలుపుతారు. తాగేనీటిలో అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలన్నది మన దేశపు ప్రమాణం. మనకు అది రక్ష. చేపల మొప్పలకూ, తొట్టిలోని మంచి జీవులకూ అంతమాత్రమే ఎక్కువ. నీళ్ళను వెడల్పాటి బకెట్టులో పట్టి 24 గంటలు ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. గాలి పంపు పెడితే ఇంకా త్వరగా పోతుంది. కొన్ని ఊళ్ళలో క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ వాడతారు. అది నిలవ ఉంచితే పోదు. అందుకని దుకాణాల్లో "యాంటీ క్లోరిన్" అని అమ్మే మందు చుక్కలు సీసా మీద రాసిన మోతాదులో వేయడం క్షేమం. అందులో ఉండేది చాలావరకు సోడియం థయోసల్ఫేటు.

బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు. కాని చాలాచోట్ల సున్నం ఎక్కువ. బకెట్టు అంచున, గీజరులో తెల్లని పొర పట్టే నీళ్ళు అవే. గప్పీలు, మాలీలు, ప్లాటీలు ఈ గట్టి నీళ్ళలో హాయిగా ఉంటాయి. నియాన్ టెట్రాలు అమెజాన్ ప్రాంతపు మెత్తని నీళ్ళ చేపలు, వాటికి ఇవి పడవు. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. బోరు నీళ్ళ పీహెచ్ తరచూ ఎక్కువగా ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషమైన భాగం సుమారు పది రెట్లవుతుంది. గట్టి నీళ్ళ ఊళ్ళలో కొత్త తొట్లు త్వరగా దెబ్బతినడానికి ఇదొక కారణం.

ఆర్వో యంత్రం నీళ్ళే మంచివని కొందరు తొట్టంతా వాటితోనే నింపుతారు. ఆ నీళ్ళలో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు. బోరు నీళ్ళు మరీ గట్టివైతే వాటిలో కొంత ఆర్వో నీరు కలపండి, అంతవరకే. రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్ళు మాత్రం ఎప్పుడూ పోయకండి. నీళ్ళలో దిగిన రాగి చేపలకు, అంతకన్నా నత్తలకు, రొయ్యలకు విషం.

ఏ తొట్టి, ఏ చేపలు?

గుండ్రని గాజు గిన్నెలో ఒక గోల్డ్‌ఫిష్ సినిమాల్లో బాగుంటుంది. ఇంట్లో అది చేపకు నెమ్మదిగా చావు. నీళ్ళు తక్కువైతే అమ్మోనియా త్వరగా చిక్కబడుతుంది, వేడి త్వరగా మారుతుంది. మొదటిసారి పెట్టేవాళ్ళకు చిన్న తొట్టికన్నా మధ్యస్థం తొట్టే సులువు.

లెక్క ఇలా కట్టండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 30 తొట్టికి 54 లీటర్లు. నీళ్ళ బరువే 54 కిలోలు. గాజు, రాళ్ళు కలిస్తే ఇంకా ఎక్కువ. టీవీ స్టాండు మీద, పలచని చెక్క బల్ల మీద పెట్టే ముందు ఆలోచించండి. ఈశాన్యం మూల పెట్టాలని కొందరి నమ్మకం. పెట్టుకోండి, కాని ఆ మూల కిటికీలోంచి నేరుగా ఎండ పడితే నీళ్ళు వేడెక్కుతాయి, గాజు నిండా పచ్చని నాచు పడుతుంది.

ఇక గోల్డ్‌ఫిష్. దుకాణంలో రెండంగుళాలుండేది సరిగా పెరిగితే అరచేతిని దాటుతుంది. పదేళ్ళు, అంతకు మించీ బతుకుతుంది. చాలా తింటుంది, అంతే మురికి చేస్తుంది. పైగా అది చల్లని నీళ్ళ చేప. చైనాలో దాదాపు వెయ్యేళ్ళ కిందట మచ్చిక చేసి పెంచినది. 54 లీటర్లలో ఆరు గోల్డ్‌ఫిష్‌లు వేసిన నేను, ఒక గదిలో ఆరు ఎద్దుల్ని కట్టేసినట్టు చేశాను.

రెండడుగుల తొట్టితో మొదలుపెట్టేవాళ్ళకు గప్పీలు, ప్లాటీలు, జీబ్రా డానియోలు ఎనిమిది, పది దాకా చాలు. జీబ్రా డానియో మన దేశపు ఏళ్ళలోనిదే, గట్టి పిండం. గప్పీల్లో ఆడ, మగ కలిపి వేస్తే నెలనెలా పిల్లలు పుడతాయని ముందే తెలుసుకోండి. పిల్లలు వద్దనుకుంటే మగవే తీసుకోండి, రంగులు కూడా వాటికే ఎక్కువ. ఫైటరు చేపను విడిగా ఉంచాలి. రెండు మగవి కలిస్తే పోట్లాడుకుని చస్తాయి. ఫైటరు పైకి వచ్చి గాలి కూడా పీల్చుకోగలదు. మన కొరమీనుకు ఉన్న శక్తి అదే. సంతలో కొరమీను కాసిన్ని నీళ్ళలో గంటల తరబడి బతికి ఉండేది అందుకే. అంతమాత్రాన ఫైటరును గ్లాసులో ఉంచవచ్చని కాదు. అమ్మోనియా దానికీ విషమే.

కంటికి కొట్టే వింత రంగుల చేపలు కనబడితే అడగండి. కొన్నిటికి సూదితో రంగు ఎక్కిస్తారు. ఆ రంగు కొన్నాళ్ళకు పోతుంది, చాలాసార్లు చేప కూడా.

చేపను తెచ్చాక సంచిని మూతి విప్పకుండా తొట్టి నీళ్ళ మీద పావుగంట తేలనివ్వండి. తర్వాత అరగంటలో కొంచెం కొంచెంగా తొట్టి నీళ్ళు సంచిలో పోయండి. చివరికి చేపను వలతో తీసి తొట్టిలో వదలండి. సంచి నీళ్ళు తొట్టిలో పోయకండి, జబ్బు అందులోంచే వస్తుంది.

మేత

చేపలు ఆకలితో చావడం చాలా అరుదు. మన ప్రేమతో చావడమే ఎక్కువ. రెండు నిమిషాల్లో తినేసేంత మేత, రోజుకు రెండుసార్లు చాలు. వారానికి ఒకరోజు ఉపవాసం ఉంచినా మేలే. గోల్డ్‌ఫిష్‌కు అసలు జీర్ణాశయమే ఉండదు, పేగే ఉంటుంది. ఒకేసారి పెట్టకుండా కొంచెం కొంచెంగా పెట్టాలి. చేప అద్దం దగ్గరకు వచ్చి తోకాడిస్తే ఆకలని అనుకోకండి. మనిషి కనబడితే మేత వస్తుందని అది నేర్చుకుంది, అంతే. అన్నం, బ్రెడ్డు, బిస్కెట్టు వేయకండి.

నెల్లూరులో పెళ్ళికి వెళుతూ పక్కింటివాళ్ళకు తాళం చెవి, మేత డబ్బా ఇచ్చి వెళ్ళాడు మా తోడల్లుడు. వచ్చేసరికి డబ్బా సగం ఖాళీ, తొట్టి మొత్తం ఖాళీ. పక్కింటావిడ పాపం పిల్లలకు పెట్టినట్టు పెట్టింది. పెరిగిన ఆరోగ్యమైన చేపలు నాలుగైదు రోజులు మేత లేకుండా ఉండగలవు. అంతకు మించి వెళ్ళాల్సి వస్తే ఒక్కో పూట మేత కాగితంలో పొట్లాలు కట్టి లెక్కపెట్టి ఇవ్వండి. డబ్బా దాచేయండి.

వారానికి ఒక్క గంట

ఆదివారం పొద్దున మా ఇంట్లో ఈ పని జరుగుతుంది. కరెంటు స్విచ్చి ఆపుతాం. సన్నని గొట్టంతో అడుగున రాళ్ళ మధ్యనుంచి మురికితో పాటు నాలుగో వంతు నీళ్ళు బకెట్టులోకి లాగుతాం. ఆ తీసిన నీళ్ళలోనే ఫిల్టరు స్పాంజిని రెండుసార్లు పిండుతాం. కుళాయి కింద పెట్టం, సబ్బు ముట్టనివ్వం. స్పాంజి తెల్లగా కావాల్సిన పని లేదు. గోధుమ రంగుగా ఉండడమే మంచిది, తోడంతా దానిలోనే ఉంది. తర్వాత ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు, వేడి దాదాపు సమానంగా ఉండేట్టు చూసి, నెమ్మదిగా పోస్తాం. నీళ్ళన్నీ ఎప్పుడూ ఒకేసారి మార్చం. తీసిన నీళ్ళు మా ఆవిడ కరివేపాకు మొక్కకు పోస్తుంది. నైట్రేట్ మొక్కకు ఎరువు. ఆ మొక్క ఇప్పుడు మేడ అంచు దాటింది.

ఎండ, చలి, కరెంటు

నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్ళు, 30 డిగ్రీల దగ్గర సుమారు ఏడున్నరే పడతాయి. అదే సమయంలో చేపకు అవసరం పెరుగుతుంది. చెన్నై, సోలాపూర్, బరంపురం, యానాం ఎండల్లో చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఇదే మొదట అనుమానించాలి. మూత కొంచెం తెరవండి, నీళ్ళ మీదికి ఫ్యాను గాలి తగలనివ్వండి, లైటు తగ్గించండి, మేత తగ్గించండి. ఐసు ముక్కలు కుమ్మరించకండి, ఒక్కసారిగా చల్లబడడమూ దెబ్బే. బెంగళూరు, హోసూరు వాళ్ళకు చలికాలపు రాత్రులే కష్టం. గప్పీలు, టెట్రాల వంటి వేడి దేశపు చేపలకు నీరు 24 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. లీటరుకు ఒక వాటు లెక్కన హీటరు పెట్టుకోవచ్చు.

కరెంటు సంగతికి వస్తే, 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచింది, ఆపైన బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వీధిలో రెండు రోజులు కరెంటు లేదు. మా తొట్టిలో అప్పటికి ఎనిమిది చేపలు, వచ్చి మూడు నెలలు కాలేదు. మేత పూర్తిగా ఆపేశాం. గంటకోసారి గ్లాసుతో తొట్టి నీళ్ళే ముంచి జానెడు ఎత్తునుంచి మళ్ళీ అందులోనే పోశాం, యాభైసార్లు. నీళ్ళు పడేటప్పుడు గాలి కలుస్తుంది. పగలు మనవడు, రాత్రి నేను, మధ్యలో మా ఆవిడ. స్పాంజి తడిగా, గాలి తగిలేట్టు ఉంచాం. ఎనిమిదీ బతికాయి. తర్వాత బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొన్నాను. ప్రతి ఇంట్లోనూ ఉంచుకోదగినది.

గాలి పంపును నీళ్ళ మట్టం కన్నా ఎత్తులో పెట్టండి. కింద పెడితే, కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్ళు వెనక్కి వచ్చి పంపులోకి, ప్లగ్గులోకి దిగే ప్రమాదం ఉంది. ప్లగ్గుకు వెళ్ళే వైరు ఒక చోట కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేట్టు చూడండి. వైరు వెంట జారిన నీటి చుక్క అక్కడే కింద పడిపోతుంది.

జబ్బు, మందు

ఎక్కువగా కనబడేది తెల్ల మచ్చల జబ్బు. ఒంటి మీద పంచదార పలుకులు చల్లినట్టుంటుంది. చేప రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటుంది. ఇది ఒక పరాన్నజీవి పని. అది చేప చర్మంలో ఉన్నంతసేపు మందు దాన్ని ఏమీ చేయలేదు. రాలిపోయి, అడుగున పిల్లలు పెట్టి, ఆ పిల్లలు ఈదుతూ చేపను వెతుక్కునే కొద్ది సమయంలోనే చస్తుంది. అందుకని మచ్చలు మాయమైనా మందు పది, పన్నెండు రోజులు ఆపకూడదు. గప్పీలు, మాలీలు, ప్లాటీలకైతే అయోడిన్ కలపని గళ్ళ ఉప్పు లీటరుకు 2 గ్రాముల చొప్పున, విడిగా కరిగించి, రెండు రోజుల్లో కొద్దికొద్దిగా కలిపితే తగ్గుతుంది. ఉప్పు ఆవిరి కాదు. నీళ్ళు మార్చినప్పుడు ఎంత తీశామో దానికి సరిపడా ఉప్పే మళ్ళీ వేయాలి. టెట్రాలకు, పొలుసులు లేని చేపలకు ఉప్పు పడదు.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ గోలీలు తొట్టిలో వేయకండి. అవి మంచి జీవుల్నీ చంపుతాయి, మళ్ళీ అమ్మోనియా మొదలు. ఏ జబ్బు అనిపించినా ముందు నీళ్ళు పరీక్షించండి. మందు సీసాకన్నా ఒక బకెట్టు మంచి నీళ్ళే చాలాసార్లు పని చేస్తుంది.

ఇంకొక హెచ్చరిక. దోమల మందు స్ప్రే చేపలకు ప్రాణాంతకం. అందులోని పైరెత్రాయిడ్లు మనకన్నా వాటికి ఎన్నో రెట్లు విషం. గాలి పంపు గదిలోని గాలినే లాగి నీళ్ళలోకి పంపుతుందని మరవకండి. చేపలున్న గదిలో స్ప్రే కొట్టకండి. దోమల చుట్ట, ద్రవపు మెషీను కూడా తొట్టి దగ్గర పెట్టకండి. చేతికి సబ్బు, కొబ్బరినూనె ఉంటే కడుక్కుని మరీ తొట్టిలో చెయ్యి పెట్టండి.

వద్దనుకుంటే

తొట్టి పెంచలేకపోతే చేపల్ని ఎవరికైనా ఇవ్వండి, దుకాణానికి తిరిగి ఇవ్వండి. చెరువులో, ఏటిలో వదలకండి. పుణ్యమనుకుని చేసే ఈ పని పాపంగా ముగుస్తుంది. గాజు మీది నాచు తింటుందని అమ్మే సక్కర్ చేప చిన్నప్పుడు వేలంత, పెరిగితే అడుగు దాటుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ జాతే ఇవాళ ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో జాలరుల వలలు చింపుతోంది. వాళ్ళు దానికి దెయ్యం చేప అని పేరు పెట్టారు. తెచ్చి వదిలిన మనుషులకు మాత్రం ఏ పేరూ పెట్టలేదు.

ఆ పుస్తకం

మా వాడి బడిలో తెలుగు లేదు. ఇంగ్లీషు, తమిళం చదువుతాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని రాయడమంటే పారిపోయేవాడు. సంఘం ఆదివారం తరగతికి పంపితే కడుపునొప్పి అనేవాడు. చేపల పుస్తకంలో మొదట అంకెలే వేసేవాడు. విశేషాల గడి ఖాళీగా ఉండేది. ఒకరోజు నేను చూడకుండా అందులో "నీలం చాప ఈ రోజు మేత తినలేదు" అని రాశాడు. చేపను చాప అని రాశాడు. నేను దిద్దలేదు. ఆ రోజు నీళ్ళు పరీక్షిస్తే నైట్రైట్ కనబడింది, వెంటనే నీళ్ళు మార్చాం. నీలం చేప ఇంకో ఏడాది బతికింది. మొప్ప, తోక, పొలుసు, నాచు, గులకరాయి అన్న మాటలు వాడికి పుస్తకంలోంచి కాక తొట్టిలోంచి వచ్చాయి. ఇప్పుడు రెండో పుస్తకం నడుస్తోంది.

చేపలు పోవడం మా ఇంట్లో పూర్తిగా ఆగిపోలేదు. గప్పీ ఆయుష్షే రెండేళ్ళు, ఎప్పుడో పోవలసిందే. పోయినప్పుడు పుస్తకం తీసి ముందు వారం గడులు చూస్తాం. కారణం దొరికితే రాస్తాం. దొరకకపోతే "వయసు" అని రాస్తాం. కీడు అన్న మాట మా ఆవిడ కూడా ఇప్పుడు అనడం లేదు.

మీ అటక మీద ఖాళీ తొట్టి ఉంటే దించండి. బీటలున్నాయేమో చూసి, మేడ మీద ఒకరోజు నీళ్ళు నింపి ఉంచి పరీక్షించండి. ఒక నెల ఓపిక పట్టండి. మా తొట్టిలో నడిచిన స్పాంజి సిద్ధంగా ఉంది. చెన్నైలో ఉన్నవాళ్ళు ఆదివారం తరగతి అయ్యాక సంఘం గదికి ఒక డబ్బా తీసుకుని వస్తే ముక్క కోసి ఇస్తాను. వేరే ఊళ్ళవాళ్ళు మీ ఊరిలోనే పాత తొట్టి ఉన్న తెలుగిల్లు ఏదో కనుక్కోండి. తోడుకు పక్కింటికి వెళ్ళడం మనకు కొత్తేమీ కాదు కదా.